నొప్పి తెలిస్తే సరిపోతుందా?

అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినహన్ గురించి ఎక్కువగా చెప్పుకునేది ఒకే ముక్క. పదిహేడేళ్లకే మానసిక ఆసుపత్రి పాలైన అమ్మాయి, పెద్దయ్యాక తనలాంటివాళ్ల కోసం ఒక చికిత్స తయారు చేసింది. వినగానే మనసు కదిలించే కథే, కాదనను. కానీ 2020లో వచ్చిన ఆమె ఆత్మకథ ఈమధ్య చదివాక నా ఆలోచనంతా ఇంకో సంగతి చుట్టూ తిరుగుతోంది. ఆమె ఆ ఆసుపత్రి నుంచి బయటికొచ్చింది 1963లో. ఆ మాట నలుగురి ముందు చెప్పింది 2011లో. నడుమ నలభై ఎనిమిదేళ్లు. పీహెచ్‌డీ చేసింది, ప్రొఫెసర్ అయింది, డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, అంటే అందరూ డీబీటీ అనే పద్ధతిని కట్టింది, దాన్ని పరీక్షకు పెట్టింది, ఎన్నో దేశాల థెరపిస్టులు దాన్ని నేర్చుకున్నారు. ఇదంతా ఆ నలభై ఎనిమిదేళ్లలోనే. దగ్గరివాళ్లు కొందరికి తప్ప ఆమె గతం ఎవరికీ తెలియదు.

దీన్ని సిగ్గుపడి దాచుకోవడంగా చూసేవాళ్లున్నారు. నాకు అలా అనిపించలేదు. "నేనూ పడ్డాను, నాకు తెలుసు" అన్న మాటను పక్కన పెట్టి పని చేసింది కాబట్టే ఆ పని నిలబడింది. పడ్డవాడికే నొప్పి తెలుస్తుంది అని మన పెద్దవాళ్లు అంటారు. నిజమే. అయితే నొప్పి తెలియడం వేరు, నొప్పి తగ్గించడం తెలియడం వేరు. ఈ రెండూ ఒకటేనని నమ్మడం వల్ల మన చుట్టూ చాలామంది పెద్దవాళ్లు నష్టపోతున్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇరవై ఆరు నెలలు

లినహన్ 1943లో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో పుట్టింది. ఆరుగురు పిల్లల్లో మూడోది. చదువులో ముందుండేది, పియానో బాగా వాయించేది. 1961 మార్చిలో ఆమెను కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ ఊళ్లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్‌లో చేర్చారు. తనను తాను గాయపరచుకోకుండా ఉండలేకపోయేది. స్కిజోఫ్రేనియా అన్నారు. ఆ రోజుల్లో ఉన్న గట్టి మందులు వాడారు, బాల్యాన్నీ మనసు లోతుల్నీ తవ్వే సైకోఅనాలిసిస్ చేశారు, కరెంటు షాకులు ఇచ్చారు, తలుపులు వేసిన ఒంటరి గదిలో ఉంచారు. ఆ గదిలో గాయపరచుకోవడానికి వస్తువేదీ దొరక్క తల గోడకేసి కొట్టుకునేది. ఇరవై ఆరు నెలల తర్వాత ఇంటికి పంపేటప్పుడు రాసిన కాగితంలో, ఆసుపత్రి మొత్తంలో అత్యంత తీవ్రమైన స్థితిలో ఉన్న రోగుల్లో ఈమె ఒకరని ఉంది. షాకుల వల్ల అంతకుముందు జీవితం చాలావరకు ఆమెకు గుర్తు లేకుండా పోయింది.

లోపల ఉన్నప్పుడే ఆమె ఒక ఒట్టు పెట్టుకుంది. ఈ నరకం నుంచి బయటపడతాను, బయటపడ్డాక తిరిగొచ్చి మిగతావాళ్లను బయటికి తీస్తాను అని.

కథలు చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి ఒక్క గంతులో ప్రొఫెసర్ దగ్గరికి దూకేస్తారు. నాకు నచ్చింది ఆ నడిమి భాగం. ఇంటికొచ్చాక కూడా ఆమె మళ్లీ పడింది, మళ్లీ లేచింది. షికాగో వెళ్లి వై.ఎం.సి.ఏ.లో గది తీసుకుంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా పని చేస్తూ లయోలా యూనివర్సిటీలో రాత్రి క్లాసులకు వెళ్లింది. 1967లో ఒక క్యాథలిక్ ప్రార్థనామందిరంలో మోకరిల్లి ఉన్నప్పుడు తనను తాను ప్రేమిస్తున్నానన్న అనుభూతి మొదటిసారి కలిగిందని రాసుకుంది. 1971లో పీహెచ్‌డీ పూర్తయింది. తర్వాత బఫెలోలో ఆత్మహత్యల నివారణ కేంద్రంలో ఇంటర్న్‌షిప్, స్టోనీబ్రూక్‌లో బిహేవియర్ థెరపీ శిక్షణ, వాషింగ్టన్ డీసీలో కొన్నేళ్లు పాఠాలు చెప్పడం. 1977లో సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చేరింది. ఆ తర్వాత పని అంతా అక్కడే.

ఆమె ఎంచుకున్న శిక్షణ గురించి కాస్త ఆగి ఆలోచించాలి. అంత బాధపడిన మనిషి, బాధ గురించి లోతుగా, కవితాత్మకంగా మాట్లాడే శాఖ ఏదో ఒకటి పట్టుకుంటుందని మనం అనుకుంటాం. ఆమె పట్టుకున్నది బిహేవియరిజం. ఏ ప్రవర్తన వారంలో ఎన్నిసార్లు జరిగింది, దానికి ముందు ఏమైంది, తర్వాత ఏం దొరికింది అని కాగితం మీద లెక్క రాసుకునే శాఖ. అప్పట్లో సైకాలజీలో దానికంత పొడి శాఖ ఇంకోటి లేదనే చెప్పాలి. అదే ఆమెకు కావలసింది. రెండేళ్లకు పైగా తన మనసు లోతుల గురించి ఎందరో మాట్లాడారు, దానివల్ల పొద్దున లేచి రోజు ఎలా గడపాలో ఆమెకు తెలియలేదు.

"మారమంటున్నారు, అంటే తప్పు నాదనేగా"

1980 దశకంలో ఆమె తీవ్రమైన ఆత్మహత్య ఆలోచనలున్న స్త్రీలతో పని మొదలుపెట్టింది. పరిశోధనకు గ్రాంటు కావాలంటే ఏదో ఒక జబ్బు పేరు ఉండాలన్నారు. అందుకని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ తీసుకుంది, అంటే భావోద్వేగాలు అదుపు తప్పి, బంధాలు నిలవక, తనను తాను గాయపరచుకునేదాకా వెళ్లే స్థితి. ఆ పేరు వింటేనే డాక్టర్లు తప్పుకుని తిరిగే కాలం అది.

మొదట మామూలు బిహేవియర్ థెరపీయే చేసింది. సమస్య ఏమిటో చూద్దాం, ఎలా మార్చాలో చూద్దాం అని. కుదరలేదు. వచ్చినవాళ్లు మండిపడ్డారు. నన్ను మారమంటున్నారు, అంటే నా బాధకు నేనే కారణమంటారా అన్నారు. సరే అని ఆ దారి వదిలి, పూర్తిగా వాళ్ల బాధను ఒప్పుకుంటూ వినడం మొదలుపెట్టింది. అప్పుడూ కోపమే. నేనిలా చచ్చిపోతుంటే మీరు వింటూ కూర్చుంటారా, ఏమీ చేయరా అన్నారు. రెండు దారులూ మూసుకుపోయాయి.

డీబీటీ పుట్టింది ఆ ఇరుకులో నుంచే. ఒప్పుకోవడం, మార్చుకోవడం రెండూ ఒకే గంటలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో జరగాలి. నువ్వు పడుతున్న బాధకు అర్థముంది, నీ స్థితిలో ఎవరున్నా ఇలాగే అనిపిస్తుంది. అయినా ఇలాగే బతకలేవు కదా, కాబట్టి కొత్త పద్ధతి నేర్చుకోవాలి. మార్చడం ఎలాగో ఆమెకు చదువు నేర్పింది. ఒప్పుకోవడం నేర్చుకోవడానికి ధ్యానం నేర్పే జెన్ బౌద్ధ గురువుల దగ్గరికి వెళ్లింది. ముందు కాలిఫోర్నియాలో శాస్తా అబీ అనే మఠానికి, ఆ తర్వాత జర్మనీకి. తర్వాతి కాలంలో తనే జెన్ గురువు అయింది.

ఆమె సిద్ధాంతం పెద్ద చిక్కుది కాదు. కొందరికి పుట్టుకతోనే భావోద్వేగాలు గట్టిగా తగులుతాయి, తొందరగా తగ్గవు. అలాంటి మనిషి, ఆ భావోద్వేగాలను కొట్టిపారేసే వాతావరణంలో పెరిగితే, తన లోపల జరిగేదాన్ని తనే నమ్మలేని స్థితికి వస్తుంది. కొట్టిపారేయడం అంటే ఏమిటో మన ఇళ్లలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. "ఇంతమాత్రానికే ఏడుస్తారా", "నాటకాలు ఆపు", "తిన్నది అరక్క". ఒకసారి బంధువుల అమ్మాయికి తోడుగా ఒక ఊళ్లో ఆసుపత్రి క్యాజువాలిటీలో కూర్చున్నాను. అమ్మాయంటే చిన్నపిల్ల కాదు, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. గాయానికి కట్టు కడుతున్న నర్సు తల ఎత్తకుండానే అడిగింది, "అమ్మానాన్నల్ని ఇలా ఏడిపించడానికి సిగ్గు లేదా?" అని. ఆ నర్సు చెడ్డ మనిషి కాదు. కట్టు జాగ్రత్తగా కట్టింది, వెళ్లేటప్పుడు నీళ్ల సీసా కూడా తెచ్చిచ్చింది. కానీ ఆ మాటకు ఆ అమ్మాయి మొహం ఎలా మూసుకుపోయిందో నేను పక్కనుంచి చూశాను. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ చట్టం ఇంకా మన మాటల్లోకి రాలేదు.

చికిత్స విషయానికొస్తే, అది నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. వారానికోసారి థెరపిస్టుతో ఒంటరిగా కూర్చోవడం. వారానికోసారి ఒక గ్రూపులో క్లాసు. అవసరమైనప్పుడు థెరపిస్టుకు ఫోన్. నాలుగోది థెరపిస్టుల కోసం. వాళ్లంతా వారం వారం కూర్చుని తమ పనిని ఒకరి ముందొకరు పెట్టుకోవడం. క్లాసులో నేర్పేవి కూడా నాలుగు రకాలు. ఈ క్షణం మీద ధ్యాస నిలపడం, కష్టసమయాన్ని ఇంకా పాడుచేసుకోకుండా దాటడం, భావోద్వేగాలను సర్దుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం.

ఇవి పైకి మామూలు విషయాల్లాగే ఉంటాయి. అందుకే ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. చెయిన్ అనాలిసిస్ అంటారు. దీనికి ఒక ఉదాహరణ అల్లుతున్నాను, ఎవరి కథా కాదు. ఒకామె బుధవారం రాత్రి తనను గాయపరచుకుంది. థెరపిస్టు "ఎందుకు చేశావ్" అని అడగదు. "మంగళవారం రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు?" దగ్గర మొదలుపెడుతుంది. నైట్ షిఫ్టు, నాలుగు గంటలే. మధ్యాహ్నం భోజనం? చేయలేదు. సాయంత్రం? స్నేహితురాలికి మెసేజ్ పెట్టింది, చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. అప్పుడు ఏమనుకున్నావు? నేనంటే విసుగొచ్చింది అందరికీ. ఒంట్లో ఏమైంది? గొంతు పట్టేసింది, చేతులు చల్లబడ్డాయి. తర్వాత? తలుపు గడియ పెట్టుకున్నాను. చేశాక? పది నిమిషాలు ప్రశాంతంగా అనిపించింది. ఆ తర్వాత? అమ్మ చూసి ఏడ్చింది, రెండు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఇలా ఒక్కో లంకె కాగితం మీదికి వస్తుంది. ఆ తర్వాత, ఏ లంకె దగ్గర తెంపగలిగేదానివి అన్న ప్రశ్న. భోజనం దగ్గరా? గడియ దగ్గరా? చల్లటి నీళ్లలో మొహం పెట్టి ఊపిరి బిగబడితే గుండె వేగం తగ్గుతుంది, ఆ నేర్చుకున్న పని చేతులు చల్లబడ్డప్పుడు చేయగలిగేదానివా? ఈ ఒక్కటీ గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా చేయకూడదు, అది కూడా క్లాసులోనే చెబుతారు.

ఇందులో తీర్పు లేదు, బాల్యం తవ్వకం లేదు, నువ్వు ధైర్యంగా ఉండాలి అన్న ఉపదేశం లేదు. పెద్దవాళ్లు నేర్చుకోగలరు అన్న నమ్మకం మాత్రం ఉంది. నలభై ఏళ్లొచ్చిన మనిషికి, నువ్వు పాడైపోలేదు, నీకు ఎవరూ నేర్పలేదు అంతే అని చెప్పడంలో ఎంత గౌరవం ఉందో!

అక్కా, ఆయన కూడా పడ్డాడు

మా పిన్ని కూతురు ఒక వీడియో పంపింది. అందులో ఒకాయన తన డిప్రెషన్ కథ చెబుతాడు. నిజాయితీగానే చెబుతాడు, విన్నంతసేపూ నాకూ కళ్లు చెమర్చాయి. చివర్లో తను బయటపడిన దారి ఆరు వారాల కోర్సుగా నేర్పిస్తానంటాడు. మా చెల్లి అప్పటికే సైకియాట్రిస్టు ఇచ్చిన మందులు వాడుతోంది. వాటి సంగతి కోర్సులో చేరేవాళ్లను ఎవరూ అడగడం లేదు.

ఆయన చదివింది ఏమిటే అన్నాను. "అక్కా, ఆయన కూడా పడ్డాడు. చదువుకున్నవాళ్లు అయిదు నిమిషాలు చూసి చీటీ రాసి పంపేస్తున్నారు. ఈయన కనీసం వింటాడు" అంది.

ఆ మాటలో సగం నిజముంది, అది నన్ను ఇబ్బంది పెట్టింది. మన ఓపీల్లో క్యూ చూస్తే డాక్టరుకు అంతకంటే సమయం ఉండదు. వినే మనిషి కోసం జనం తపించిపోతున్నారు. ఆ ఖాళీలోకే ఇలాంటి కోర్సులు వస్తున్నాయి. అందుకని ఆమెను తప్పుపట్టలేదు. కానీ ఆయన బయటపడ్డ దారి ఆయనది. బావిలో పడి ఎలాగో గట్టెక్కినవాడికి ఆ రోజు తన చేతికి దొరికిన తాడు ఒక్కటే తెలుసు. ఈత నేర్పడం వేరే విద్య. పొద్దున్నే లేచి పరిగెత్తడం వల్ల ఆయన బాగుపడ్డాడు. అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బున్న మనిషికి నిద్ర తగ్గించుకోమని చెబితే ఏమవుతుందో ఆయనకు తెలియకపోవచ్చు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియదన్న సంగతి ఆయనకు చెప్పేవాళ్లు ఎవరూ పక్కన లేకపోవడమే ప్రమాదం.

ఇక్కడే లినహన్ ఏం చేయలేదో చూడాలి. నాకు ఫలానా చాపెల్‌లో వెలుగు కనిపించింది, మీరూ రండి, మోకరిల్లండి అనలేదు. తనను బతికించిన అనుభవాల్లో అతి పెద్దది అదే అయినా, దాన్ని చికిత్సగా అమ్మలేదు. దాని లోపల ఏముందో వెతికి, దేవుణ్ణి నమ్మనివాడు కూడా చేయగలిగేలా, చిన్న చిన్న పనులుగా విడగొట్టి, కాగితం మీద రాసి, అది పనిచేస్తుందో లేదో తన పక్షాన లేనివాళ్లు కూడా తేల్చగలిగేలా పెట్టింది.

ఇంకో ఉదాహరణ. డీబీటీలో ఒక నియమముంది. గాయపరచుకోకముందు ఎప్పుడైనా థెరపిస్టుకు ఫోన్ చేయొచ్చు. గాయపరచుకున్నాక మాత్రం, ప్రాణాపాయం ఉంటే తప్ప, ఇరవై నాలుగు గంటలు ఆ ఓదార్పు దొరకదు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇది క్రూరంగా అనిపించింది. ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు. కానీ దాని తర్కం అర్థమైంది. గాయం తర్వాత మాత్రమే ప్రేమ దొరికితే, ప్రేమ కోసం గాయం కావలసి వస్తుంది. ముందే ఫోన్ చేయడం నేర్చుకుంటే ఆ గొలుసు తెగుతుంది. సొంత గాయాన్ని మాత్రమే ఆధారం చేసుకున్న మనిషి ఈ నియమం పెట్టగలదా? నాకు అనుమానమే. అలాంటి మనిషి అర్ధరాత్రి పరిగెత్తుకుంటూ వెళ్లి ఒళ్లో తల పెట్టుకుంటుంది, నాలుగు నెలలకు తనే కూలిపోతుంది.

పరీక్షలు ఏం చెప్పాయి

1991లో మొదటి పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. నలభై నలుగురు స్త్రీలు, ఒక ఏడాది. డీబీటీ తీసుకున్నవాళ్లలో గాయపరచుకోవడం తగ్గింది, ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గాయి, చికిత్స మధ్యలో మానేసినవాళ్లు తక్కువ. 1993లో పద్ధతి మొత్తం పుస్తకంగా వచ్చింది. 2003లో నెదర్లాండ్స్‌లో వేరే బృందం యాభై ఎనిమిది మందితో చేసి చూసినప్పుడూ గాయపరచుకోవడం తగ్గింది. 2006లో సియాటిల్‌లో 101 మందితో ఇంకా కఠినమైన పరీక్ష పెట్టారు. ఈసారి పోలిక మామూలు చికిత్సతో కాదు, ఆ ఊళ్లో పేరున్న నిపుణులు చేసే చికిత్సతో. డీబీటీ వైపు ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు సుమారు 23 శాతం, నిపుణుల వైపు 46 శాతం.

ఇంతటితో ఆపితే నా వాదనకు హాయిగా ఉంటుంది, కానీ కథ అక్కడ ఆగలేదు. 2009లో కెనడాలో 180 మందితో ఇంకో పెద్ద పరీక్ష జరిగింది. ఒక వైపు డీబీటీ, ఇంకో వైపు క్రమశిక్షణతో నడిచే సాధారణ మానసిక వైద్యం, అంటే వారం వారం కూర్చోవడం, మందులు చూసుకోవడం, చేసేవాళ్లకు సీనియర్ల పర్యవేక్షణ. ఏడాది తర్వాత చూస్తే రెండు వైపులా బాగుపడ్డారు. తేడా లేదు.

డీబీటీ అభిమానులు ఈ ఫలితం దగ్గర కాస్త తడబడతారు. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ఆశ కలిగించింది. డీబీటీ మంత్రం కాదని తేలిందిగా! ఒక పద్ధతి, దాన్ని నేర్చుకున్న మనిషి, ఆ మనిషి పనిని చూసే ఇంకో మనిషి, వారం వారం వదలకుండా జరగడం. ఇవి ఉంటే బోర్డర్‌లైన్ అని పక్కన పెట్టేసినవాళ్లు కూడా బాగుపడతారు. పెద్ద యూనివర్సిటీ లేని ఊళ్లో కూడా ఇది కుదురుతుందన్న మాట. 2015లో లినహన్ బృందమే తమ చికిత్సను ముక్కలు చేసి ఏ ముక్క ఎంత పనిచేస్తోందో చూసుకుంది. పూర్తి డీబీటీ, ఒంటరి సెషన్లు లేకుండా క్లాసు, క్లాసు లేకుండా ఒంటరి సెషన్లు అని మూడు రకాలు. ఆత్మహత్యాయత్నాలు మూడింటిలోనూ తగ్గాయి. గాయపరచుకోవడం తగ్గడంలో నేర్పే క్లాసు ఉన్న రకాలు మెరుగ్గా ఉన్నాయి. తన పేరు మీద నడిచే చికిత్సలో ఏది తీసేస్తే నష్టం లేదు అని తనే పరీక్ష పెట్టుకోవడం గురించి ఆలోచించండి. సొంత కథను అమ్ముకునేవాడు ఆ పని చేయలేడు. కథలో ఏ ముక్క తీసేయగలం?

మీరూ మాలో ఒకరా

నా వాదనకు గట్టి దెబ్బ తగిలేది ఇక్కడ. ఒకసారి ఒక రోగి ఆమె చేతుల మీది మచ్చలు చూసి, మీరూ మాలో ఒకరా అని అడిగింది. బాధపడ్డానా అని అడుగుతున్నావా అని లినహన్ అంటే, కాదు, మాలాంటివారేనా అని, అయితే మా అందరికీ ఎంత ఆశ కలుగుతుందో అని ఆ రోగి చెప్పింది. 2011 జూన్‌లో లినహన్ అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్‌లో దాదాపు రెండు వందల మంది ముందు నిలబడి తన కథ చెప్పింది. పిరికిదానిలా చచ్చిపోలేనని అంది. అంటే ఇన్నేళ్ల మౌనంలో భయం కూడా ఉందని ఆమే ఒప్పుకుంది. దాన్ని నేను పూర్తిగా వ్యూహంగా చిత్రిస్తే అబద్ధమవుతుంది.

నా స్నేహితురాలు ఒకామె హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టు. ఈ విషయంలో నాతో ఒప్పుకోదు. 1993లోనే చెప్పి ఉంటే ఆ మధ్యకాలంలో బోర్డర్‌లైన్ అన్న ముద్రతో బతికిన ఎందరికో ధైర్యం వచ్చేది, ఎందరో డాక్టర్ల చూపు మారేది అంటుంది. "పరీక్షలు డాక్టర్లను ఒప్పిస్తాయి. పేషెంట్‌ను ఒప్పించేది ఇంకో పేషెంట్ బాగుపడటమే" అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆశ ఇవ్వడం కూడా చికిత్సలో భాగమే, కాదనలేను. నేను చెప్పగలిగింది ఒక్కటే. 1993లో చెప్పి ఉంటే ఆ పద్ధతి "తనకోసం తను తయారు చేసుకున్న వైద్యం" అయిపోయేది. మాజీ రోగి, అదీ ఆడమనిషి, మాట సైకియాట్రీలో ఎంతవరకు చెల్లేదో ఊహించడం కష్టం కాదు. 2011 నాటికి ఆమె మాటను నమ్మాల్సిన అవసరం ఎవరికీ లేదు, ఫలితాలు కళ్లముందున్నాయి. అప్పుడు కథ చెబితే అది ఆశ ఇచ్చింది, చికిత్సకు ఆ కథే ఆధారంగా నిలవాల్సిన అవసరం పడలేదు.

మన దగ్గర

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నా స్నేహితురాలి తరం దానికి రెండేళ్ల ఎం.ఫిల్. చేసింది. ఆ రెండేళ్లూ ఆసుపత్రి వార్డుల్లోనే, సీనియర్ల కింద. కౌన్సెలర్ అన్న బోర్డు పెట్టుకోవడానికి మాత్రం చాలాకాలం ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వాళ్లనూ లెక్కలోకి తెచ్చింది. అర్ధరాత్రి మాట్లాడటానికి మనిషి కావాలంటే 2022 అక్టోబర్ 10 నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మా చెల్లికి ఆ నంబరు పంపాను. ఆ కోర్సాయన్ను కూడా మూడు ప్రశ్నలు అడగమన్నాను. మధ్యలో నా పరిస్థితి దిగజారితే మీరేం చేస్తారు? మీ పనిని చూసే సీనియర్ ఎవరు? ఇది నాకు పనిచేయడం లేదని ఎన్ని వారాలకు తేలుస్తారు? మొదటి ప్రశ్నకు "పాజిటివ్‌గా ఉండండి మేడమ్" అని జవాబొచ్చింది. ఆమె చేరలేదు. ఈ మూడు ప్రశ్నలూ డిగ్రీలున్నవాళ్లను కూడా అడగాలి. రిజిస్ట్రేషన్ ఉండి వినడం రానివాళ్లూ ఉన్నారు.

డబ్బు మాట కూడా దాటేయకూడదు. ప్రైవేటులో వారానికి ఒక సెషన్, ఒక గ్రూపు, నెలల తరబడి అంటే మామూలు జీతగాళ్లకు మోయలేని ఖర్చు. నా స్నేహితురాలు అందుకే పూర్తి డీబీటీ అని చెప్పుకోకుండా, నేర్పే క్లాసు మాత్రం తక్కువ ఫీజుతో నడుపుతోంది. ఎనిమిది మంది పట్టే గది, వైట్‌బోర్డు, తెలుగులో రాసిన వర్క్‌షీట్లు. అందులో తనకు అన్నిటికంటే కష్టమైన క్లాసు గురించి, మనుషుల వివరాలు మార్చి, నాకు చెప్పింది.

మనకు కావలసింది ఎలా అడగాలో నేర్పే పాఠం అది. జరిగింది చెప్పు, నీకేమనిపిస్తోందో చెప్పు, కావలసింది సూటిగా అడుగు, ఒప్పుకుంటే అవతలివాళ్లకు ఏం మేలో చెప్పు. ఇదీ అమెరికాలో తయారైన వరుస. ఒకావిడ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తనకోసం కావాలని అత్తగారిని అడగడం సాధన చేయాలి. మూడో మెట్టు దగ్గర గ్రూపంతా ఆగిపోయింది. "అలా మొహం మీద అంటే ఇంక ఆ ఇంట్లో ఉన్నట్టే" అన్నారు. నా స్నేహితురాలు వాదించలేదు. మరి మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా సాధించుకున్నది ఎలా అడిగి, గుర్తు చేసుకోండి అంది. ఒక్కొక్కరూ చెప్పారు. ముందు అవతలివాళ్ల పని ఒకటి ముగించి అడిగాం, మామగారు ఉన్నప్పుడు అడిగాం, "మీరు సరేనంటేనే" అని మొదలుపెట్టి అడిగాం. అవన్నీ బోర్డు మీద రాసింది. వాటిలో ఏవి లొంగిపోవడం, ఏవి గౌరవంగా అడగడం అని వాళ్లే విడదీశారు. కొన్ని వారాలు ఇంట్లో ప్రయత్నించి, ఏమైందో కార్డు మీద రాసుకొచ్చారు. పని చేయనివి కొట్టేశారు. చివరికి ఆవిడ వాక్యం ఇలా తేలింది: "అత్తయ్యా, వంటిల్లు సర్దేశాను. మూడింటి నుంచి అయిదింటి దాకా గదిలో ఉంటాను, టీకి నేనే వస్తాను." అడగడం కాస్తా చెప్పడం అయింది. రెండు ఆదివారాలు జరిగింది, మూడో ఆదివారం చుట్టాలొచ్చి పోయింది. దాన్ని కూడా కార్డు మీద రాసింది.

ఆ షీటు ఇప్పుడు క్లాసులో అందరికీ ఇస్తున్నారు. ఇచ్చేముందు నా స్నేహితురాలు దాన్ని తన సీనియర్‌కు పంపింది, ఆవిడ రెండు చోట్ల దిద్ది పంపారు. అన్నట్టు, నా స్నేహితురాలికి పెళ్లి కాలేదు. అత్తగారితో ఒక్క రోజు కూడా గడపలేదు.